బ్యాటరీ మార్చేముందు ఎర్త్ వైరు చూడండి తమ్ముళ్లూ

సూర్యలంక బీచికి టూరిస్టుల్ని తిప్పే బాపట్ల తమ్ముడొకడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, పది నెలల కిందటే కొత్త బ్యాటరీ ఏయించా. మళ్లీ పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్కు టిక్కుమని ఆగిపోతంది" అన్నాడు. తెనాల్లో ఒక షాపోళ్లు ముందు బ్యాటరీ పోయిందన్నారంట, తర్వాత సెల్ఫ్ మోటారన్నారంట. కిస్తీ కట్టాల్సిన డబ్బులు రెండుసార్లు అటు పోయినయ్. తీరా చూస్తే జబ్బు ఒక తుప్పుబట్టిన బోల్టుది.

కార్లో కరెంటు ప్లస్ నుంచి వైర్ల గుండా లైటుకీ, సెల్ఫుకీ పోద్ది. తిరిగి మైనస్‌కి రావటానికి మాత్రం ప్రతిదానికీ వైరు లాగరు, ఇనప బాడీనే దారిగా వాడతారు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటది కాబట్టి దానికీ బాడీకీ మధ్య ఒక పట్టీ గానీ వైరు గానీ ఉంటది. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఇంకోటి. ఇదే మన మెకానిక్కులు చెప్పే ఎర్త్. ఇంట్లో మూడో పిన్ను ఎర్త్‌కీ దీనికీ సంబంధం లేదు. కారు నిలబడేది రబ్బరు టైర్ల మీద గదా!

సెల్ఫ్ కొట్టినప్పుడు చిన్న కారు కూడా 100 ఆంపియర్లకి పైనే లాగుద్ది. ఎర్త్ బోల్టు దగ్గర తుప్పువల్ల 0.01 ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి, 100తో గుణిస్తే 1 వోల్టు అక్కడే పోయినట్టు. ఉన్నదే 12. ఇంజను ఎర్త్ పూర్తిగా తెగితే ఇంకా ప్రమాదం. కరెంటు దారి వెతుక్కుని క్లచ్ కేబులు గుండా పోయి దాన్ని కాల్చేస్తది. అప్పుడు క్లచ్ కేబులు నాసిరకం అని దాన్నీ మారుస్తారు మనోళ్లు.

మన రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల పక్క ఉప్పు గాలి. బోల్టుకి చిలుము పట్టటానికి పెద్ద టైము పట్టదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వానల్లో నీళ్లల్లో నిలబడ్డ బండి ఏదైనా సరే, ఎర్త్ బోల్టులు ఒకసారి విప్పి చూసుకోవాల్సిందే.

ఒక మామూలు మల్టీమీటరు చాలు. డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ దిమ్మె మీద, ఎర్ర పిన్ను ఇంజను ఇనుము మీద ఆనించండి. గేరు న్యూట్రల్లో, హ్యాండ్ బ్రేకు వేసి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 లోపు చూపిస్తే బాగున్నట్టే. 0.5 దాటితే దొంగ దొరికినట్టే. కీచుమని బీప్ వచ్చే టెస్టు నమ్మొద్దు, ఒక్క పోగు మిగిలినా అది మోగుద్ది.

బాగుచేసేటప్పుడు మైనస్ ముందు విప్పాలి, చివర్లో బిగించాలి. బోల్టు కిందున్న రంగూ తుప్పూ ఉప్పుకాగితంతో తళతళలాడే దాకా గీకండి. పాత వైరు ఉంచేసి, పక్కన 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఇంకోటి వేస్తే మంచిది. లగ్గులు గట్టిగా నొక్కించండి. బిగించాక పైన వాసలిన్ పూయండి, ఉప్పుగాలి లోపలికి రాకుండా. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా అంటగడతారు జాగ్రత్త. పోగు గీకితే లోపల తెల్లగా కనపడుద్ది. కొత్త కార్లలో మైనస్ దిమ్మె మీద చిన్న సెన్సారుంటది. అలాంటివాటికి కొత్త వైరు దిమ్మెకి కాదు, బాడీ వైపు బిగించాలి. లేకపోతే బ్యాటరీ లెక్క తప్పుద్ది.

రంగురంగుల ఎర్తింగ్ కిట్లు పెడితే మైలేజీ పెరుగుద్దని అమ్మేవాళ్ల మాట వినొద్దు. ఎర్త్ బాగున్న బండికి దానివల్ల ఒరిగేదేం లేదు.

షాపులో బ్యాటరీ పోయిందంటే, మీటరు మీ ఎదురుగా పెట్టి చూపించమని అడగండి, బిల్లు అడగండి. అడిగినందుకు మొహం మాడ్చుకుంటే పక్క షాపుకి పోండి. బాపట్ల తమ్ముడు వైరూ లగ్గులూ కొనుక్కుని, చెట్టుకింద కూర్చుని పొద్దుటిపూట పని ముగించాడు. ముందు 0.9 చూపించిన మీటరు ఇప్పుడు 0.1 చూపిస్తంది. షాపోళ్లు తీసుకున్న పాత బ్యాటరీ మాత్రం తిరిగి రాలేదు.