కోళ్లు కమ్మారా?

పశ్చిమ గోదావరిలో మా అత్తయ్య వాళ్ల ఊళ్లో సందెవేళ ఫోన్ చేస్తే మొదటి రెండు నిమిషాలు మాట్లాడేది నాతో కాదు, కోళ్లతో. నాలుగు నూకలు చల్లి, చీకటి చిక్కబడకముందే వాటిని లెక్కపెట్టి, పిల్లల తల్లిని గంప కింద కమ్మి, గంప మీద రాయి పెట్టాకే "ఆఁ, చెప్పు నాన్నా" అంటుంది. ఆ రాయి సంగతి నాకు చాలాకాలం అర్థం కాలేదు.

పోయిన ఏడాది ఒక్క రాత్రిలో అర్థమైంది. పెళ్లికని అందరూ పక్కూరు వెళ్లారు. గూటి తలుపు గడియ ఎవరు వేశారో ఎవరికీ గుర్తులేదు, అంటే ఎవరూ వేయలేదు. పొద్దున వచ్చి చూస్తే పదకొండు కోళ్లు గూట్లోనే పడున్నాయి. అన్నిటికీ మెడ దగ్గర గాట్లు, ఒక్కదాన్నీ తిన్న గుర్తు లేదు. "ముంగిస వచ్చి రక్తం తాగిపోయింది" అంది పక్కింటి పెద్దమ్మ.

ముంగిస రక్తం తాగదు. మెడ కొరికి చంపుతుంది. బయటైతే ఒకదాన్ని పట్టేలోగా మిగతావి చెట్టుకొకటి పుట్టకొకటి పారిపోతాయి, దాని వేట అక్కడితో ముగుస్తుంది. గూట్లో అవి పారిపోలేవు. కళ్లముందు రెక్కలు కొట్టుకుంటున్నంతసేపూ దాని నోరు ఊరుకోదు. కోడికి రేచీకటి, చీకట్లో దారి కనబడదు. పక్కది చస్తున్నా తను కూర్చున్న కర్ర దిగదు. అంటే, తలుపు తెరిచి ఉన్న గూడు కోళ్లకు బోను.

పెరట్లో దొంగ ఎవరో పొద్దున్నే ఆనవాళ్లు చెబుతాయి, చదవడం రావాలంతే. పట్టపగలు ఒక పిల్ల మాత్రమే మాయమై, కింద ఈక కూడా లేకపోతే అది గద్దో డేగో. పెట్ట మొత్తానికే లేకుండాపోయి, కంచె దాకా ఈకల దారి ఉంటే జంగుపిల్లి, నక్క ఉన్న ఊళ్లలో నక్క. కోళ్లన్నీ చీల్చి చెల్లాచెదురుగా పడేసి ఉంటే అడవి జంతువును తిట్టకండి, అది వీధికుక్కల పని. గుడ్లు పొడిచి పగలగొట్టి ఉంటే కాకి. పెంకు కూడా మిగలకుండా పోతే పామో, ఉడుమో. గూటి మూల కొత్త మట్టి తోడి ఉండి కోడిపిల్లలు తగ్గుతుంటే పందికొక్కు. కొబ్బరితోటల మధ్య ఇళ్లకు మానుపిల్లి బెడద వేరే. అది నేలమీద రాదు, మట్టల మీంచి పెంకుల మీదకు, పెంకుల సందులోంచి లోపలికి దిగుతుంది.

దొంగను బట్టే తాళం. ఇక్కడే చాలామంది పొరపాటు. బజార్లో కోళ్ల జాలీ అని అమ్మే, ఆరు మూలల కళ్లుండే సన్నతీగ జాలీ కోడి బయటికి పోకుండా ఆపుతుందే గాని, కుక్క లోపలికి రాకుండా ఆపలేదు. గోళ్లకూ పళ్లకూ అది విడిపోతుంది. అరంగుళం కళ్ల వెల్డ్ మెష్ ఖరీదెక్కువే, కానీ ఒకసారి కొడితే ముంగిస, పాము రెండూ బయటే. దాన్ని నేల దగ్గర ఆపేయకుండా అడుగు లోతు పూడ్చాలి, లేదా గోడ బయట నేలమీద అడుగు వెడల్పున పరిచి మట్టి కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, జాలీ తగలగానే మానుకుంటుంది. కొంచెం వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి మామూలుగా రాదు. గూటిని రెండడుగుల ఎత్తు స్తంభాల మీద కడితే పందికొక్కుకూ తేమకూ కలిపి మందు వేసినట్టే.

పాముకి వేరే లెక్క. అది చాలాసార్లు కోళ్ల కోసం రాదు. గూటి పక్కన ఒలికిన నూకల కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాము వస్తుంది, వచ్చాక గుడ్లు కనబడతాయి. మేత రాత్రిపూట డబ్బాలో పెట్టి మూసేయడం, గుడ్లు సాయంత్రానికే ఏరేయడం, ఇంతకంటే పెద్ద ఉపాయం లేదు.

ఇక పగటి దొంగ. గద్దను తరిమే చిట్కాలకు మన ఊళ్లలో లెక్కలేదు. పిల్లలకు గులాబీ రంగు పూస్తారు, పాత సీడీలు వేలాడదీస్తారు. నాలుగు రోజులు పనిచేస్తాయి, తర్వాత గద్ద వాటికీ అలవాటుపడుతుంది. పనికొచ్చేది పైన కప్పే పాత చేపల వల, కింద నాలుగు గుబురు మొక్కలు. బోడిగా ఊడ్చిన వాకిలి మనకు అందం, గద్దకు పళ్లెం.

తల్లి కోడి దగ్గర మాత్రం నిజమైన విద్య ఉంది. ఆకాశంలో నీడ కదిలితే సన్నగా, సాగదీసి ఒక కూత వేస్తుంది. పిల్లలు చటుక్కున ఆకుల కిందకో రెక్కల కిందకో చేరి కదలకుండా ఉంటాయి. నేలమీద పిల్లో కుక్కో కనబడితే కూత వేరు, తెగి తెగి, గట్టిగా, పెరడంతా వినబడేలా. కోళ్ల భాషలో పైనుంచి వచ్చే చావుకూ, నడిచి వచ్చే చావుకూ వేర్వేరు మాటలున్నాయని పరిశోధకులు ప్రయోగాలు చేసి తేల్చారు. అత్తయ్య ప్రయోగాలేమీ చేయలేదు. వంటింట్లోంచే ఆ కూత విని, పైకి చూడాలో కర్ర తీయాలో తేల్చుకుంటుంది.

యంత్రంలో పొదిగించి తెచ్చిన పిల్లలకు ఆ తల్లి ఉండదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని ఆరు వారాల దాకా లోపలే పెంచి, అప్పుడు వదలమనేది అందుకే. వనరాజాకు పొడుగు కాళ్లు, రంగురంగుల ఈకలు. తెల్లకోడి పచ్చగడ్డిలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఇది కనబడదు. ఆరు వారాలు ఆగే నిగ్రహం లేక కొన్నరోజే పిల్లల్ని వాకిట్లో వదిలి, వారానికి సగం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కోపమొచ్చి మాంసంలో విషపు గుళికలు కలిపి పెట్టేవాళ్లున్నారు, కంచెకు కరెంటు ఇచ్చేవాళ్లున్నారు. ముంగిస, ఉడుము, జంగుపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. ఆ సంగతి అటుంచినా, ఆ మాంసం తిని చచ్చేది ఎక్కువగా పక్కింటి కుక్క. ఆ తీగ తగిలేది చీకట్లో నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనిషికి. ముంగిసను చంపినా లాభం లేదు. ఖాళీ అయిన చోటుకు ఇంకోటి వస్తుంది, ఈలోగా ఎలుకలూ పాములూ అదనం.

నిజం చెప్పాలంటే, ఇప్పుడు ఎక్కువైంది దొంగలు కాదు, తగ్గింది ఇంటిపట్టున ఉండే మనుషులు. ఒకప్పుడు సందెవేళ పెరట్లో ఎవరో ఒకరు అంట్లు తోముతూనో, పాలు పితుకుతూనో ఉండేవారు. ఇప్పుడు ఆ గంటకి ఒకరు పనినుంచి వచ్చే దారిలో, ఇంకొకరు టీవీ ముందు. జంగుపిల్లి పని మొదలుపెట్టేది సరిగ్గా ఆ గంటకే.

కొత్త గూడు కట్టాక మొన్న వెళ్లాను. వెల్డ్ మెష్, సిమెంటు గచ్చు, తలుపుకు రెండు గడియలు. అత్తయ్య టార్చి వేసి లెక్కపెట్టింది. పదిహేడు. ఒకటి తక్కువ. నేను కంగారుపడి కంచె వైపు నడిచాను. ఆవిడ కదల్లేదు, టార్చిని జామచెట్టు మీదకు తిప్పింది. కొమ్మ చివర, రెండేళ్లుగా ఏ గూట్లోకీ రానన్న నల్లపెట్ట, ముడుచుకుని కూర్చునుంది.

"పద్దెనిమిది" అని రెండో గడియ వేసింది.