ఎముక ఆపరేషన్ వికటిస్తే

అల్లవరంలో దింపు కార్మికుడు కొబ్బరి చెట్టు మీంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంటే ముందు అమలాపురం తీసుకెళ్తారు, అక్కడ కాదంటే కాకినాడకో రాజమండ్రికో. కాలిలో రాడ్డు వేస్తారు. నెలలు గడిచినా ఎముక అతకదు, లేదా కాలు పొట్టిదవుతుంది. మన ఖర్మ అనుకుని ఊరుకుంటారు. అలా ఊరుకోవద్దు.

ముందు ఒక చేదు మాట చెప్పాలి. ఎముక అతకనంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదు. షుగరు, పొగాకు అలవాటు ఉన్నవాళ్లకు మంచి సర్జన్ చేసిన ఆపరేషన్ కూడా విఫలం కావచ్చు. ఆ విద్యలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలత. ఒక కాలికి బదులు ఇంకో కాలు కోయడం, గాయం చీము పట్టిందని మొత్తుకున్నా చూడకపోవడం ఆ కొలతకు నిలవవు. అలాంటి పాత కేసు ఒకటి చూడండి. 1953లో పుణేలో ఒక కుర్రాడి విరిగిన తొడ ఎముకను సరైన మత్తు ఇవ్వకుండా బలంగా లాగి పిండికట్టు వేశారు. ఆ షాక్‌తో అతను చనిపోయాడు. తల్లిదండ్రులకు వచ్చిన పరిహారం మూడు వేల రూపాయలు.

మన హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి కేసు ఇంకా వివరంగా తెలుసుకోదగ్గది. 1990లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో కణితి ఉందని ఆపరేషన్ చేశారు. పరీక్ష కోసం ముక్క తీయడానికి అనుమతి తీసుకుని మొత్తం కణితినే తొలగించారు. వెన్నెముక దాకా వ్యవహారం వెళ్లిన ఆనవాళ్లున్నా న్యూరోసర్జన్‌ను పిలవలేదు. ఆ యువకుడి నడుము కింది భాగం చచ్చుబడింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో పదిహేనున్నర లక్షలు ఇమ్మంది. సుప్రీంకోర్టులో తన కేసు తనే వాదించుకున్న అతనికి 2009లో కోటి రూపాయల తీర్పు వచ్చింది. మందులు, ఫిజియోథెరపీ, తోడు మనిషి జీతం, పోయిన సంపాదన అన్నీ లెక్కలోకి వచ్చాయి. దింపు కార్మికుడు మళ్లీ చెట్టెక్కలేకపోతే ఆ కూలి కూడా అలాగే లెక్క కట్టి అడగాలి.

అడగాలంటే చేతిలో కాగితాలుండాలి. రాతపూర్వకంగా కోరితే 72 గంటల్లో కేసు షీటు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధన. ఎక్స్‌రేలు, అనుమతి పత్రం, రాడ్డు వివరాలు వదలొద్దు. ఇంకో ఎముకల డాక్టరు రాసిచ్చే అభిప్రాయం బలాన్నిస్తుంది. అయితే ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. అదీ హైదరాబాద్ కేసే. మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేశారు, ఆమె చనిపోయింది.

కాగితాలు చేతికొచ్చాక వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కు. ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లు మీరు కట్టకుండా బీమా కట్టినా చట్టం దృష్టిలో మీరు వినియోగదారులే. అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆస్పత్రిలో తప్పు జరిగితే మాత్రం ఆ కమిషన్‌కు వెళ్లడం కుదరదు, సివిల్ కోర్టు లాంటి వేరే దారి చూసుకోవాలి. పేదవాడికి వేరే గుమ్మం చూపించే ఈ తేడా నాకు మింగుడుపడదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఆపరేషన్ విశాఖలో జరిగినా హైదరాబాద్‌లో జరిగినా, మీరుండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన బిల్లు ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. రెండో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తూ, నయమవుతుందిలే అన్న మాట నమ్ముతూ ఉండగానే ఆ గడువు కరిగిపోతుంది. ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, మన్నించకపోవచ్చు. అందుకే కట్టు విప్పకముందే కేసు షీటుకు దరఖాస్తు రాసి, అందినట్టు సంతకం చేయించుకోండి.