కమాను పట్టీకి బెజ్జం ఎందుకు పడలేదు?

హోసూరు చుట్టుపక్కల తెలుగు బడుల్లో చదివిన పిల్లలు తర్వాత ఏమవుతారని ఎవరైనా అడిగితే మేము సిప్‌కాట్ వైపు చెయ్యి చూపిస్తాం. లారీలు, మోపెడ్లు తయారయ్యే ఊరు ఇది. పెద్ద ఫ్యాక్టరీలను ఆనుకుని చిన్న లేతు షాపులు, వాటి పక్కన కమాన్ షెడ్లు. పదో తరగతి దాటిన మగపిల్లల్లో కొందరైనా వీటిలో చేరతారు. చేరాక బడి వైపు రావడం తక్కువ. పండక్కి దారిలో కనబడితే నమస్కారం పెడతారు, అంతే.

అందుకే మూడేళ్ల కిందట చదువు ముగించిన పిల్లవాడు ఒక శనివారం సాయంత్రం స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడితే ఆశ్చర్యపోయాం. జేబులోంచి డ్రిల్లు బిట్టు తీసి బల్ల మీద పెట్టాడు. మొన నీలంగా మారింది. అంచులు గుండ్రంగా అరిగిపోయాయి.

"ఇట్లాంటివి నాలుగు పోయినాయి సార్. ఓనరు నా కూలీలో పట్టుకుంటానంటాడు. బిట్లు కొత్తవే. నేను చేసిన తప్పేమి?"

పాత జీపు కమాను కట్టలో ఒక పట్టీ విరిగింది. దాని బదులు వేరే పట్టీని కొలతకు కోసి, మధ్య బోల్టు కోసం 10 మిల్లీమీటర్ల బెజ్జం వేయమన్నారు. చేతి డ్రిల్లుతో మొదలుపెట్టాడు. కీచుమని శబ్దం తప్ప రజను రాలేదు. చోటు ఎర్రబడితే నీళ్లు పోశాడు. ఆ తర్వాత బిట్టు అసలు దిగనే లేదు.

మాలో ఒకరు లెక్కల టీచరు, ఒకరు సైన్సు. ఇద్దరికీ డ్రిల్లు పట్టిన అలవాటు లేదు. ఆదివారం షెడ్డుకు వెళ్లాం. పక్క లేతు షాపు మేస్త్రీ ముందుగా ఆకురాయి తెచ్చి పట్టీ మీద గీశాడు. మామూలు ఇనుప బద్దీ మీద ఆకురాయి కొరుకుతుంది. ఇక్కడ దాదాపు జారిపోయింది. "పదును పట్టిన ఉక్కు ఇది. దీనితో తొందర పనికిరాదు" అన్నాడు.

పదును అంటే కత్తి అంచు ఒక్కటే కాదు. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. మళ్లీ కొంత వేడి చేసి ఆ పెళుసుదనం తగ్గిస్తే వంగి తిరిగి లేచే గుణం వస్తుంది. కమాను పట్టీ అలా తయారవుతుంది. రాక్‌వెల్ సి కొలతలో దాని గట్టిదనం సుమారు 40 నుంచి 48. హైస్పీడ్ స్టీలు బిట్టుది 63 ప్రాంతం. అంటే బిట్టే గట్టిది, కోయగలదు. కానీ ఆ బిట్టు గట్టిదనం సుమారు 600 డిగ్రీల వేడి దాకానే నిలుస్తుంది. అది దాటితే మెత్తబడి, పట్టీ దాన్నే తినేస్తుంది. ఎర్రబడ్డ చోట నీళ్లు పోయడమంటే, ఆ చోటుకు మళ్లీ పదును పెట్టడమే. తన దారికి తానే అడ్డం కట్టుకున్నాడు మా పిల్లవాడు.

అంత వేడి ఎక్కడిది? చేతి డ్రిల్లు మీద నిమిషానికి 2,600 చుట్లు అని రాసి ఉంది. నేల మీద సుద్దముక్కతో లెక్క వేశాం. 10 మిల్లీమీటర్ల బిట్టు ఒక చుట్టు తిరిగితే దాని అంచు 31.4 మిల్లీమీటర్లు నడుస్తుంది. 2,600 చుట్లకు 81 మీటర్ల పైమాటే. మెత్తటి ఇనుముకు నిమిషానికి 25 మీటర్లు సరిపోతాయి. ఇలాంటి పదును పట్టీకి 6 మీటర్లు మించకపోతే మంచిది. 6,000ను 31.4తో భాగిస్తే 191 చుట్లు. వాడు పదమూడు రెట్లకు పైగా వేగంతో రుద్దాడన్నమాట.

"ఇది వృత్తం పరిధి కదా సార్!" అన్నాడు పిల్లవాడు. అవును, అదే. పరీక్షలో వాడికి ఆ లెక్కకు మార్కులు పడ్డాయి కూడా. ఎందుకు పనికొస్తుందో మేమే చెప్పలేదు.

మేస్త్రీ పట్టీని తన స్టాండు డ్రిల్లుకు బిగించాడు. బెల్టును అన్నిటికన్నా నెమ్మది గాడికి మార్చాడు. 210 చుట్లు. కోబాల్టు కలిపిన బిట్టు, చుక్కలుగా కటింగ్ ఆయిలు. పిడి మీద వత్తిడి వదలకూడదు, వదిలితే బిట్టు కోయడం మాని రుద్దుతుంది. నీళ్లు పోసిన చోటును గ్రైండరుతో కొద్దిగా గీకాకే మొదలుపెట్టాడు. కాసేపటికి సన్నటి రజను చుట్టలుగా లేచింది. పిల్లవాడు చేతికి గ్లౌజు తొడుక్కోబోతే కసిరాడు. గ్లౌజు బిట్టుకు చుట్టుకుంటే వేలు దక్కదు. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

కాల్చి మెత్తబరిస్తే సులువు కదా అని అడిగాం. ఎర్రగా కాల్చి బూడిదలో చల్లార్చితే బెజ్జం తేలిగ్గానే పడుతుందట. మళ్లీ పదును పెట్టకపోతే ఆ పట్టీ బరువుకు వంగి అలాగే ఉండిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పాడు. మధ్య బెజ్జం యు-బోల్టుల బిగింపు కింద ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. పట్టీలో వేరే చోట వేస్తే ఆ అంచు నుంచే పగులు మొదలవుతుంది. అలా అడిగిన గిరాకీని ఆయన తిప్పి పంపిస్తాడు. ఇక గేరు పళ్లు, బేరింగు రింగుల సంగతి వేరు. వాటి గట్టిదనం 60 ప్రాంతం, ఈ బిట్లు పనిచేయవు, కార్బైడు కావాలి. అది పెళుసు, చేతి డ్రిల్లులో కొద్దిగా ఊగినా విరుగుతుంది.

మమ్మల్ని ఎక్కువగా గుచ్చింది మాటల సంగతి. మా సైన్సు పాఠంలో ఉన్నది "కాఠిన్యం". షెడ్డులో అందరూ అనేది "హార్డ్‌నెస్". వాడి అవ్వ కొడవలి గురించి చెప్పేటప్పుడు అనేది "పదును". మూడూ ఒకదాని గురించే అని పిల్లవాడికి ఆదివారం దాకా తెలియదు. 2006 చట్టంతో తమిళం కూడా తప్పనిసరి అయింది, ఐటీఐలో చేరితే ఆ మాటలూ కలుస్తాయి. పిల్లవాడి తల్లి అక్కడే ఉంది. "ఇంగ్లీషు బడికి పంపి ఉంటే బిట్లు కాలేవి కావేమో సార్" అంది. మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

సోమవారం ఆ నీలం బిట్టును తొమ్మిదో తరగతికి తీసుకెళ్లి వృత్తం లెక్క మళ్లీ చేయించాం. వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "గట్టిపడకముందే బెజ్జం వేసుకోవచ్చు కదా సార్?" అని అడిగింది. ఫ్యాక్టరీలో చేసేది అదే. మెత్తగా ఉన్నప్పుడే బెజ్జం వేసి, తర్వాత కాల్చి పదును పెడతారు. రిపేరు షెడ్డుకు ఆ అదృష్టం లేదు, అక్కడికి వచ్చేసరికే పట్టీ గట్టిగా ఉంటుంది.

మొన్న పిల్లవాడు మళ్లీ కనిపించాడు. ఒకే కోబాల్టు బిట్టుతో ఇప్పటికి ఆరు బెజ్జాలు వేశాడట. ఓనరు నాలుగు బిట్లలో రెండింటి డబ్బు వదిలేశాడు, మిగతా రెండింటిది పోయిన నెల కూలీలో పట్టుకున్నాడు.