పొయ్యిలేని నారుపెట్టె

బంతి మెక్సికో మొక్క. మన దగ్గర ఎంత కలిసిపోయిందంటే, గుమ్మానికి బంతిదండ లేని దసరాను ఊహించలేం. అదే బంతిని ఇంగ్లండ్‌లో పసిపిల్లలా సాకాలి. అక్కడ మే నెలలో కూడా కొన్ని రాత్రులు నేల మీద మంచు పేరుకుంటుంది. ఒక్క రాత్రి తగిలినా లేత ఆకులు తెల్లారేసరికి నల్లబడి వాలిపోతాయి. పోనీ జూన్‌లో విత్తుదామంటే, పూత మొదలయ్యేసరికి వేసవి సగం గడిచిపోతుంది. పూలమడుల కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్న పెటూనియా, సాల్వియాలదీ, దక్షిణాఫ్రికా లొబీలియాదీ ఇదే ఇబ్బంది. దీన్ని గట్టెక్కించేదే కోల్డ్ ఫ్రేమ్. అడుగులేని చెక్కపెట్టె, లేదా నాలుగు ఇటుక గోడలు. పైన అద్దపు మూత. పొయ్యి లేదు, కరెంటు లేదు. వెనక గోడ ముందు గోడకన్నా జానెడు ఎత్తుంటుంది, మూత దక్షిణానికి వాలి ఉంటుంది. మార్చి మూడో వారంలో లండన్ మీద మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సుమారు 38 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు మరి.

పెట్టెకు పెద్ద చరిత్రేమీ లేదు, ఉన్నదంతా మూతకే. రోమన్ చక్రవర్తి టైబీరియస్‌కు రోజూ దోసకాయ ఉండాల్సిందేనట. ఆయన తోటమాలులు పాదుల్ని చక్రాల బండ్ల మీద పెంచి ఎండలోకి లాగేవారనీ, చలికాలంలో పారదర్శకమైన రాతిపలకల కిందికి నెట్టేవారనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పలుచగా చీలే జిప్సం స్ఫటికం ఆ రాయి. చక్రవర్తి భోజనానికైతే సరిపోయింది గానీ, సామాన్యుడి పెరట్లోకి ఎలా వస్తుంది?

అద్దం వచ్చాక కూడా ఆ మూత సులభంగా దొరకలేదు. బ్రిటన్‌లో 1745లో అద్దం మీద బరువును బట్టి పన్ను వేశారు. అది నూరేళ్లు నిలిచింది. 1845లో రాబర్ట్ పీల్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఆరేళ్లకల్లా జోసెఫ్ పాక్స్టన్ అనే తోటమాలి సుమారు 3 లక్షల అద్దాలతో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ నిలబెట్టాడు. అందరూ ఆ భవనాన్నే చెప్పుకుంటారు. నాకైతే, అద్దం చవకై పెరటి పెట్టె మీదికి చేరడమే పెద్ద విషయంగా అనిపిస్తుంది.

ఇంతకూ పొయ్యి లేకుండా లోపల వేడి ఎక్కడిది? అద్దం వెలుగును లోపలికి రానిచ్చి, నేల నుంచి వచ్చే పరారుణ కిరణాలను బయటికి పోనివ్వదు కాబట్టి అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. 1909లో అమెరికా భౌతికశాస్త్రవేత్త ఆర్. డబ్ల్యూ. వుడ్‌కు ఈ మాట మీద అనుమానం వచ్చింది. రెండు నల్ల అట్టపెట్టెలు తీసుకుని, ఒకదానికి అద్దం, రెండోదానికి పరారుణాన్ని ఆపని రాతిఉప్పు పలక మూతగా పెట్టాడు. సూర్యకాంతిని ముందుగా ఒక అద్దం గుండా పంపి ఎండలో ఉంచితే రెండూ సుమారు 55 డిగ్రీలకు వేడెక్కాయి. తేడా ఒక్క డిగ్రీ కూడా లేదనే చెప్పాలి. అంటే మూత చేసే ముఖ్యమైన పని, వేడెక్కిన గాలిని పైకి లేచి పోనివ్వకుండా ఆపడం. ఎండలో కిటికీలు బిగించిన కారులో ఊపిరాడనిదీ అందుకే.

కానీ ఆ బిగింపే నారుకు గండం. పొద్దున్నే చూస్తే మూత లోపలివైపు నీటిబొట్లు వరసగా వేలాడుతుంటాయి. మూత తెరవకుండా వదిలేస్తే ఆ తేమలో నారుకుళ్ళు మొదలవుతుంది. పైన ఆకు పచ్చగానే ఉంటుంది, మట్టిని తాకే చోట కాడ సన్నబడి గోధుమరంగుకు తిరిగి మొక్క పక్కకు ఒరుగుతుంది. మధ్యాహ్నం ఎండ కాస్తే ఉడికిపోవడం ఇంకో ప్రమాదం. అందుకే ఉదయం మూత కింద చెక్కముక్కో ఇటుకో పెట్టి సందు తెరుస్తారు, ఎండ వాలకముందే మూసేస్తారు. నేల దాచుకున్న కొద్దిపాటి వేడి రాత్రంతా ఖర్చవుతూ ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి అదీ చాలదు, మూత మీద గోనెసంచులో పాత దుప్పట్లో కప్పాల్సిందే.

ఇటుక జరిపే పనికి ఇప్పుడొక చిన్న యంత్రం వచ్చింది. లోహపు గొట్టంలో మైనం ఉంటుంది. ఎండకు మైనం కరిగి వ్యాకోచించి పిస్టన్‌ను తోస్తుంది, మూత లేస్తుంది. చల్లబడితే స్ప్రింగు మూతను దించుతుంది. అయితే మబ్బు కమ్మినా మూత వెంటనే పడదు, మైనం మళ్లీ గడ్డకట్టాలి కదా.

నారును గట్టిపరిచే దగ్గర మాత్రం ఈ యంత్రం పనికిరాదు. వెచ్చని చోట గాలి తగలకుండా పెరిగిన ఆకు మీద మైనపుపొర పలుచగా ఉంటుంది, కాడ మెత్తగా ఉంటుంది. తిన్నగా మడిలో నాటితే ఎండకూ గాలికీ వాడిపోతుంది. కాబట్టి రెండు వారాల పాటు మూతను పగలు మరికాస్త ఎక్కువసేపు, ఆపై రాత్రి కొద్దిగా, చివరికి పూర్తిగా తెరిచి చలిని అలవాటు చేస్తారు. చల్లబడగానే మూత దించడమే మైనానికి తెలిసిన పని. అందుకే నాటే ముందు రోజుల్లో గొట్టాన్ని విప్పి పక్కన పెట్టి, సాయంత్రం వాతావరణ సూచన చూసుకుని, మంచు భయం లేని రాత్రుల్లో మూతను తీసి గోడకు చేరవేస్తారు.