మత్స్యవినోదము – మత్స్యరక్షణము

గడచిన వేసవి సెలవులలో మేము బెంగుళూరునందున్న మా యన్నగారి యింటికి బోయియుంటిమి. ఒకనాడు పిల్లలతో గూడ నందఱము బయలుదేఱి, అర్కావతీ నది వచ్చి కావేరిలో గలియు సంగమమునకు వెళ్లితిమి. ఎండ చల్లబడిన వేళ నీటి నడుమ నొక పెద్ద చేప యెగిరి పడెను. దానిని జూచి పదియేండ్ల మా చిన్నవాడు, "మామయ్యా! ఇంటిలో గాలపు కఱ్ఱ యున్నదిగదా, తేలేదేమి?" అని యడిగెను.

"ఇచ్చట గాలము వేయుట నేరమురా. నా చదువు దినములలో వేసితిని గాని యిప్పుడు వేయరాదు" అని మా యన్నగారనిరి.

"పట్టిన చేపను మరల నీటిలో విడిచిపెట్టినను నేరమేనా?"

"నేరమే. అదియే నాకు నచ్చదు" అని వారనగా, "నచ్చకపోయినను న్యాయమదియే, బావగారూ! వేడుక కొఱకు ఒక ప్రాణి నోట ముల్లు గ్రుచ్చుట యేమి మర్యాద?" అని మా వారనిరి. అట్లారంభమైన వాదము ఇల్లు చేరినను తెగలేదు. వడ్డించిన యన్నము చల్లాఱిపోయినది. చివరకు మా యన్నగారు మా వైపు తిరిగి, "నీవు చెప్పవమ్మా, ఎవరిది న్యాయము?" అనిరి.

మా యింట చేప వండుట లేదు. గాలము చేత బట్టి యెఱుగము. అందుచే నప్పుడేమియు జెప్పజాలకపోతిమి. అయినను, ఉన్నదానిని రేపటికి మిగుల్చుకొనుట యెట్లను విద్య ఇల్లు దిద్దుకొను స్త్రీకి దెలియనిది గాదు. కావున దరువాత చదివియు, నడిగియు దెలిసికొన్న దానిని సోదరీమణుల ముందుంచుచున్నాము.

గాలపు వేడుక దొరలు తెచ్చినదని మనలో ననేకుల భావము. అది సరిగాదు. కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమునందు, రాజుల వినోదములలో మత్స్యవినోదమొకటిగా జెప్పబడినది. ఏ చేప యే నీటనుండును, దానికేమి మేత వేయవలెను, గాలమెట్లుండవలెను అను సంగతులన్నియు నందు గలవు. వేడుక యెంత పాతదో కట్టుబాటు అంతకంటె బాతది. అశోకుని అయిదవ స్తంభశాసనము కొన్ని పర్వదినములందు చేపలను చంపరాదనియు, అమ్మరాదనియు విధించినది. కౌటిల్యుని అర్థశాస్త్రమైతే, అభయమిచ్చిన వనములలోని మృగములను, పక్షులను, చేపలను చంపినవారికే గాక, పట్టి బంధించినవారికిని గొప్ప దండమును విధింపుమన్నది. పట్టి విడిచిన యెడల నేమగునని మా చిన్నవాడడిగిన ప్రశ్నకు ఆనాడే యొక యుత్తరము వ్రాసియుంచినట్లున్నది!

ఇక నీ వాదమునకు మూలమైన చేప సంగతి. దాని పేరు మహసీరు. అఱచేయి వెడల్పు పొలుసులు, బలమైన దేహము, ఎదురీదుటలో సాటిలేని సత్తువ గల చేప. వానకాలమున వఱద వచ్చినప్పుడు ఏటికెదురు ఈదిపోయి, పై తావుల స్వచ్ఛమైన నీటిలో గ్రుడ్లు పెట్టును. కావేరిలో వీపున మూపురము వంటి యెత్తుగల మహసీరు జాతి యొకటి కలదు. మహసీరులలో నింత పెద్దదిగా బెరుగునది మఱియొకటి లేదందురు. 1946వ సంవత్సరమున, చచ్చిన మృగముల చర్మములను సజీవముగా నున్నట్లు నిలుపు విద్యలో బేరొందిన మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబపు దొర యొకడు కబినీ నదిలో 120 పౌనుల మహసీరును గాలముతో బట్టెను. అనగా నించుమించు 54 కిలోలు, ఒక మనుష్యుని బరువు! గాలముతో బట్టిన మహసీరులలో మిక్కిలి పెద్దదిగా అది బహుకాలము పేరొందినది.

అటువంటి నదికి ఆపద నానావిధముల వచ్చినది. ఆనకట్టలు చేపల దారులను మూసినవి. ఇసుక త్రవ్వుటచే గ్రుడ్లు నిలుచు తావులు చెడినవి. అన్నిటికంటె ఘోరమైనది మందుగుండు. నీటిలో నొక తూటా పేల్చినచో పెద్దచేప, పిల్లచేప, అన్నియు నొక్కసారి తేలిపోవును. మందుగుండుతోను, విషముతోను చేపలను జంపరాదని 1897 నాటి చేపల చట్టమే చెప్పినది. కాని రాత్రివేళ అడవిలోని యేటి యొడ్డున చట్టమును జదివి వినిపించువారెవరు?

ఈ దశలో గాలమువారు ముందుకు వచ్చిరి. 1972లో నేర్పడిన దక్షిణ భారత వన్యప్రాణి సంఘమువారు కావేరిలో గొంత భాగమును గుత్తకు దీసికొని కాపు పెట్టిరి. తరువాత కర్ణాటక ప్రభుత్వపు సంస్థ భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి అను చోట్ల విడిదులు నడపెను. దేశదేశముల నుండి గాలమువారు వచ్చి, రాగిముద్దను ముల్లునకు గ్రుచ్చి, పుట్టిలో గూర్చుండి గంటల తరబడి వేచియుండిరి. పట్టిన చేపను తూచి, కొలిచి, పుస్తకమున వ్రాసి, నీటిలో విడిచివేయుట వారి నియమము. పుట్టి నడపుటకును, కాపు గాయుటకును చుట్టుపట్ల గ్రామములవారినే పెట్టుకొనిరి. పూర్వము దొంగచాటుగా చేపలు పట్టినవారే కొందఱు, జీతము దొరకగా, ఆ చేపలకే కావలివారైరి. మా యన్నగారు చదువు దినములలో జూచినది ఈ కాలమునే. "నేనున్న నాలుగు దినములలో ఒక్క తూటా చప్పుడు వినలేదు" అని వారు నేటికిని చెప్పుదురు.

అయితే ఆ ప్రదేశము 1987లో నేర్పడిన కావేరీ వన్యప్రాణి అభయారణ్యములోనిది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టమున "జంతువు" అను మాటకు మొదట జెప్పిన యర్థములో చేప లేదు. 2002లో చట్టమును సవరించినప్పుడు చేపయు నందు జేరినది. జంతువును పట్టుటయు వేటయే యని చట్టము చెప్పుచున్నది. అభయారణ్యమున వేట నిషిద్ధము. కావున గాలము వేయుట వేటయే, విడిచినను వేటయే, యని నిర్ణయమైనది. 2012 నాటికి ఆ విడిదులలో గాలపు వినోదము ముగిసెను.

మా వారి వాదమున బలము లేదనలేము. ముల్లు గ్రుచ్చుకొన్న చేప చాలసేపు పెనగులాడి యలసిపోవును. గ్రుడ్లతో నున్నదైన యెడల దాని నష్టము మఱింత. అంతకంటె ముఖ్యమైనది ధర్మపు మాట. ఏటి యొడ్డున బుట్టి పెరిగిన పేదవాడు కూరకొఱకు వల వేసినచో నేరమై, దూరదేశపు ధనికుడు వేడుకకై గాలము వేసినచో వినోదమగునా? ఒక్క యింటిలో నిద్దఱు బిడ్డలకు రెండు విధముల వడ్డించు తల్లిని లోకము మెచ్చదు. అభయమన్నచో నది యందఱ యెడలను అభయమే కావలెను.

మఱి మా యన్నగారి వాదమునకును బలము కలదు. ఆ బలము గాలిబోరె విడిదిలోని లెక్కల పుస్తకములందున్నది. 1998 మొదలు 2012 వఱకు అచ్చట పట్టి విడిచిన చేపల లెక్కలను శాస్త్రజ్ఞులు పరిశీలించి 2015లో బ్రకటించిరి. ఆ లెక్కలలో దేలినదేమనగా, పట్టుబడు మహసీరుల సంఖ్య పెరుగుచు వచ్చినది. ఇది చూచినవారు నది బాగుపడినదని సంతోషింతురు. కాని పెరిగినవి నీలిరెక్కల మహసీరులు. మూపురపు మహసీరు ఏటేట దగ్గి, చివరి యేండ్లలో గనబడుటయే యరుదైపోయినది.

ఈ నీలిరెక్కల చేప కావేరికెట్లు వచ్చినది? మహారాష్ట్రమున లోనావళా యొద్ద టాటావారు మహసీరు గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచుచుండిరి. నదిని నింపవలెనను మంచి తలంపుతో నా పిల్లలను 1970 తరువాత కావేరిలో విడిచిరి. మేలు చేయబోయిన పనియే సొంత బిడ్డకు కీడైనదని శాస్త్రజ్ఞుల యనుమానము. ఇచ్చట నొక్క విషయము గమనింపవలెను. గాలమువారి కాపున నది నిండినది నిజము. ఏ చేపతో నిండినదో చూచుకొనక పొరబడినదియు నిజము. ఆ పొరబాటును బయటపెట్టినదియు వారి పుస్తకమే. తనకు విరుద్ధముగా సాక్ష్యము చెప్పినను లెక్కను దాచక వ్రాసియుంచినవారిని మనము గౌరవింపవలదా?

ఆ మూపురపు మహసీరునకు శాస్త్రములో సరియైన పేరు 2018 వఱకును స్థిరపడలేదు. ఆ సంవత్సరముననే మోయారు నదిలో దొరికిన చేపలను బరిశీలించి, 2007లో కేరళలోని పాంబారు నది చేపకు బెట్టిన పేరే దీనికిని చెల్లునని తేల్చిరి. అదే యేట అంతర్జాతీయ ప్రకృతి రక్షణ సంఘమువారు దీనిని నశించుటకు మిక్కిలి చేరువలోనున్న జాతులలో జేర్చిరి. పేరును ప్రమాదపు ముద్రయు నొక్కయేడే వచ్చినవి. బారసాలనాడే జబ్బుపడిన బిడ్డవంటిదాయెను దాని బ్రతుకు.

ఇప్పుడు మా తీర్పు. అభయారణ్యమున వేడుకగా గాలము వేయుట యెవరి హక్కును గాదు. ఆ మాటలో మేము మా వారి పక్షము. కాని నిషేధించుటతో రక్షణ ముగిసినదనుకొనుట గాదెకు తాళము వేసి, లోపల ఎలుకలున్నవో లేవో యేడాది పొడుగున చూడకుండుట వంటిది. తాళము దొంగను గొంత యాపును గాని ధాన్యమును లెక్కపెట్టదు. దండము లేనిచోట పెద్ద చేప చిన్న చేపను మ్రింగునని మన పెద్దలు దానికి మత్స్యన్యాయమని పేరు పెట్టిరి. దండమనగా కాగితముపై వ్రాసిన శిక్ష మాత్రమే గాదు. యేటి యొడ్డున మేలుకొనియున్న మనిషి. గాలమువారితోపాటు ఆ కావలి మనిషియు, ఆ లెక్కల పుస్తకమును నది యొడ్డు విడిచిపోకూడదు. పుట్టి నడపిన గ్రామస్థులను ప్రభుత్వమే జీతమిచ్చి కావలికి నిలుపవలెను. శాస్త్రజ్ఞుల యాజ్ఞకు లోబడి, యేడాదికి గొన్ని దినములు, లెక్క కొఱకు మాత్రమే చేపలను పట్టి విడుచుటకు గాలము నేర్చినవారి సాయమును దీసికొనవచ్చును. అప్పుడది వినోదము గాదు, సేవ.

వ్రాయని కట్టుబాటు ఎంత పని చేయునో శృంగేరిలో దుంగానదీ తీరమున జూడవచ్చును. అచ్చటి చేపలను పట్టువారు లేరు. యాత్రికులు మేత వేయుదురు. పిల్లలు మెట్లపై గూర్చుండి చూతురు. అచ్చట ప్రతి భక్తుడును కావలివాడే.

మన తీరమునను కట్టుబాటు క్రొత్త గాదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు తూర్పు సముద్రమున మరపడవల వేట ఆగును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. ఆ దినములలో సముద్రపు చేప దొరకలేదని విసుగుకొనక, ఆ రెండు నెలలు కూలి లేక కూర్చున్న జాలరి కుటుంబమును దలంచుకొనుడు. చేప వండుకొను సోదరీమణులు, మందుగుండుతో జంపినదని తెలిసిన చేపను కొనకుండుటయు నొక రక్షణమే. కొనువారు లేనిచో పేల్చువారుండరు.

ఈ మాటలన్నియు మా యన్నగారికి జాబు వ్రాసితిమి. "సగము నా పక్షమే తీర్పు చెప్పితివి, చాలును" అని వారి జవాబు. "సగము నా పక్షమేగదా" అని మా వారు. మా చిన్నవాడు మాత్రము జాబు విని కొంచెము సేపు ఊరకుండి, "అమ్మా! ఇప్పుడు అచ్చట చేపలనెవరు లెక్కపెట్టుచున్నారు?" అని యడిగెను.

ఈ ప్రశ్నను మేము సోదరీమణులకును, వారి ద్వారా వారి యిండ్లలోని పురుషులకును అప్పగించుచున్నాము. చట్టములు చేయువారు, చదువు చెప్పువారు, కొలువులు చేయువారు మన యిండ్లలోనే భోజనము చేయుచున్నారు. వడ్డించునపుడు ఒక్కసారి అడిగి చూడుడు.