బీడీని మాన్పించగలదా హిప్నాటిజం?

సూరత్ నుండి భరూచ్ వైపు సాగే రైలు మార్గంలో కిమ్ అనే చిన్న పట్టణమున్నది. ఆ పరిసరాలలో బట్టల కార్ఖానాలు విస్తారం. సూరత్ ప్రాంతపు మగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుండి వలస వచ్చిన కుటుంబాలు అనేకం. రాత్రి షిఫ్టులో మగ్గం ముందు నిలుచున్న ఒక కార్మికుని ఊహించుకోండి. విరామం దొరకగానే అతడు బయటికి వస్తాడు. ఒక చేత టీ గ్లాసు, మరొక చేత బీడీ. రేపటినుండి మానివేస్తానని భార్యకు ఎన్నిసార్లు మాట ఇచ్చాడో!

ఇటువంటివానికి హిప్నాటిజం తోడ్పడగలదా?

పొగ త్రాగేవానిని పట్టి ఉంచేవి రెండు ముళ్ళు. ఒకటి నికోటిన్; అది శరీరాన్ని కట్టివేస్తుంది. రెండవది అలవాటు, టీ వాసన, తోటివాడి అగ్గిపుల్ల చప్పుడు చాలు, చేయి తానే జేబులోకి పోతుంది. హిప్నాటిజం విప్పజూచేది ముఖ్యంగా ఈ రెండవ ముడినే.

ఈ విద్య మన దేశానికి కొత్త కాదు. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డైల్ అనే స్కాట్లండు వైద్యుడు, దీనికి పూర్వరూపమైన మెస్మరిజంతో రోగులను మైమరపించి శస్త్రచికిత్సలు చేశాడు. అయితే నాటక ప్రదర్శనలలో చూపినట్లు ఇది మనిషిని కీలుబొమ్మగా మార్చే మాయ కాదు. ఇది నిద్ర కూడా కాదు. మనస్సు ఒకే విషయంపై లగ్నమై, మంచి సూచనను సులభంగా స్వీకరించే స్థితి మాత్రమే.

న్యూయార్కు మానసిక వైద్యుడు హెర్బర్ట్ స్పీగెల్ 1970లో ఒక పద్ధతిని ప్రకటించాడు. ముప్పావుగంటసేపు ఒక్కసారి కూర్చోబెట్టి, రోగికి స్వయం సమ్మోహనం నేర్పేవాడు. పొగ శరీరానికి విషమనీ, బ్రతకడానికి ఆ శరీరమే ఆధారమనీ, దానిని కాపాడుకొనడం తన బాధ్యత అనీ రోగి తనకు తానే చెప్పుకోవాలి. “త్రాగవద్దు” అన్న నిషేధానికి బదులు “కాపాడుకో” అన్న ఆదరం! ఆయన చికిత్స చేసిన 615 మందిలో దాదాపు అయిదవ వంతు ఆరు నెలల తరువాత కూడా పొగకు దూరంగా ఉన్నట్లు తేలింది.

అలాగని దీనిని సంజీవనిగా భావించరాదు. 14 అధ్యయనాలను పరిశీలించిన 2019 నాటి కాక్రేన్ సమీక్ష, ఇతర పద్ధతులకంటె హిప్నాటిజం మేలని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. ఒక్క పూటలో మాన్పిస్తామని ప్రకటించేవారిని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. అర్హత గల మానసిక వైద్యుని సంప్రదించండి. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే దీని జోలికి పోరాదు. నికోటిన్ ముడిని సడలించడానికి నికోటిన్ బిళ్ళలు, ఇతర మందులు ఉన్నాయి. పొగాకు ప్యాకెట్లపై ముద్రించే 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది.

పొగ త్రాగాలన్న కోరిక ఉప్పెనలా వచ్చినా, సాధారణంగా కొద్ది నిమిషాలలోనే తగ్గిపోతుంది. కిమ్‌లోని మన కార్మికుడు ఆ కొద్ది నిమిషాలు కళ్ళు మూసుకొని, దీర్ఘంగా శ్వాసించి, తన శరీరానికి తానిచ్చిన మాటను తలచుకోగలిగితే చాలు. టీ చల్లారేలోపు ఒక బీడీ తప్పుతుంది. పొగ పూర్తిగా మానిన ఏడాదికి, దానివల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. భార్యకు ఇచ్చిన మాట నిలిచేది అలా ఒక్కొక్క విరామంలోనే.