నడుము నొప్పి - సాగఁదీయు వ్యాయామములు



నడుము నొప్పి 3 మాసములకు మించి నిలిచినచో దానిని దీర్ఘకాలికమందురు. అట్టివారిలోఁ బలువురు మంచము పట్టుటయే మందని తలఁతురు. అది సరికాదు. కదలిక లేని కండరములు బిగిసి, బలముడిగి, బాధను పెంచును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన సూచనలును ఇట్టివారికి వ్యాయామమునే చెప్పుచున్నవి.

మన నడుమున 5 వెన్నుపూసలు కలవు. పడవ కొయ్యను త్రాళ్లు నిలిపినట్లు వానిని కండరములు నిలుపుచున్నవి. తొడల వెనుకటి కండరములు బిగిసినచో, వంగునపుడు తుంటి చక్కఁగాఁ దిరుగక శ్రమ నడుముపైఁ బడును. ఫిజియోథెరపీ వైద్యుఁడు బలహీనమైన కండరములకు బలము గూర్చును. సాగఁదీయుట బిగువును సడలించును. ఒకటి రెండవదానికి తోడేకాని బదులు కాదు.

వెల్లకిలఁ బరుండి, ఒక మోకాలిని రెండు చేతులతో ఱొమ్మువైపునకు మెల్లగాఁ దీసికొని, 20 లెక్కించువఱకు నిలిపి విడువుఁడు. రెండవ కాలికిని అట్లే. ఒక్కొక్క కాలికి 3 మారులు చాలును. ఊపిరి బిగింపరాదు, కుదుపరాదు. సాగినట్లు తోఁపవలయును గాని పోటు పుట్టరాదు.

నేను దీనిని వైద్యుని యెదుట నేర్చి ప్రతిదినముఁ జేయుచున్నాను. నొప్పి సమూలముగాఁ బోయినదని చెప్పను. కాని నేలఁ గూర్చుండి భుజించి లేచుటకు నాకిప్పుడు పరుల చేయి అక్కఱలేదు. ఈ వయస్సున అది స్వల్పలాభము కాదు.

అయితే కాళ్లు బలము తప్పినను, మలమూత్రముల పట్టు తప్పినను, జ్వరము తోడైనను, పడినపిమ్మట నొప్పి పుట్టినను వ్యాయామమును మాని వెంటనే ఆసుపత్రికిఁ బోవలయును. తక్కినవారు వైద్యుని నడిగి, రేపటి ప్రాతఃకాలముననే ఆరంభింతురు గాక.